హున్రో తాగేసిన కథ

పపైరస్ చుట్ట పాడవడం ఎప్పుడూ పై పొర నుంచే మొదలవుతుంది. చేతులు తగిలేది దానికే, పురుగు పట్టేది దానికే, ఎండా చెమ్మా తగిలేది కూడా ముందు దానికే. కథ మొదలు ఉండేదేమో సరిగ్గా అక్కడ. అందుకే గుడిలో చుట్టలు రాసి దాచే జీవగృహంలోని పెట్టెల్లో తల లేని కథలు బోలెడన్ని ఉన్నాయి. లోపల మొండెం నిక్షేపంగా ఉంటుంది. ఎవరి కథో, ఎందుకు మొదలైందో మాత్రం తెలియదు.

పషెద్ ఇంటికి తెచ్చుకున్న చుట్టకు తల ఇంకా ఊడలేదు. ఊడడానికి సిద్ధంగా ఉంది. దానికి నకలు తీయడమే అతని పని. ఏటి అవతలి ఒడ్డున నీడను పోగొట్టుకున్న ఒక చేపలవాడి కథ అది. ముత్తాతల కాలం నాటిది. గుడిలో దానికి ఆ ఒక్క చుట్టే ఉంది.

పషెద్ రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టాడు. కుండ పెంకు ముక్కల మీద మసితో రాసుకుంటూ రాత నేర్చాడు. ఇన్నేళ్లూ ధాన్యపు కొట్టు దగ్గర కూర్చుని, వచ్చిన గోతాలు, పోయిన గోతాలు రాస్తూ ఉన్నాడు. జీవగృహం పెద్ద పెన్‌బుయ్ ఒకసారి అతని చేతిరాత చూసి, "దీనికి నకలు తీసి పట్రా. సవ్యంగా ఉంటే నీకూ ఇక్కడ ఒక చాప వేయిస్తా" అన్నాడు. జీవగృహంలో చాప పడిందంటే ఆ మనిషి ఇక గోతాల వైపు చూడక్కర్లేదు. తను రాసిన ప్రతి చుట్ట చివరా, 'మొదలు నుంచి తుది దాకా, దొరికినది దొరికినట్టు రాశాను' అని పెట్టి, కింద తన పేరు రాసుకోవచ్చు. పషెద్ ఆ వాక్యాన్ని గోడ మీద నీళ్లతో రాసి, అది ఆరిపోతుంటే మళ్లీ రాసుకోవడం అతని భార్య తమిత్ చాలాసార్లు చూసింది. ఆమెకు చదువు రాదు. కానీ ఆ వాక్యం ఎలా ఉంటుందో మాత్రం గుర్తుపట్టేది.

చుట్ట విప్పాలనుకున్న రోజునే కూతురు హున్రోకు జ్వరం ఎక్కువైంది.

మంత్రం వేసే మెన్నా పొద్దున్నే వచ్చి పిల్ల నాలుక చూశాడు. కడుపు నొక్కి చూశాడు. కొత్త పపైరస్ ముక్క మీద మంత్రం రాసి, ఆరనిచ్చి, సన్నగా చుట్టి నారపోగుతో కట్టాడు. దాన్ని గోడగూట్లో, పిల్లల్ని కాచే బెస్ దేవుడి బొమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఎండ వాలేదాకా ఆయన దగ్గరే ఉండనీ అమ్మాయ్. వాలాక బార్లీ కల్లులో నానబెట్టు. సిరా అంతా దిగిపోవాలి. గుడ్డలో వడకట్టి పట్టించు. ఒక్క చుక్క కూడా మిగల్చొద్దు" అన్నాడు.

"వాంతి చేసుకుంటే?" అంది తమిత్.

"మీ అత్త చేసిన కల్లే కదా, చేసుకున్నా చేసుకుంటుంది" అన్నాడు మెన్నా, అత్త బకెత్‌కు వినపడేలాగే.

"నీ పాడు రాత కన్నా నా కల్లే నయం. దాన్ని తాగి ఇంతవరకూ ఎవరూ చావలేదు!" అని బకెత్ తిరగలి దగ్గర నుంచి అరిచింది.

పిల్లకు గాలి తగలాలని మిద్దె మీద పందిరి కింద పడుకోబెట్టారు. పషెద్ ఆ పక్కనే కూర్చుని చుట్ట విప్పాడు. వేలు పెట్టగానే పై పొర ఎండిన ఉల్లిపొట్టులా పెటపెటలాడింది. ఒక అంచు రాలింది, ఆ వెంటనే ఇంకొకటి. ఇక కుదురుగా చుట్టలోకి రాసే వ్యవధి లేదని అర్థమై, చేతికందిన చిత్తు పపైరస్ ముక్క తీసుకుని, పైకి చదువుకుంటూ గబగబా రాసుకుపోయాడు. చదివిన వరుస చదివినట్టే పొడై, గాలికి మిద్దె మీంచి ఎగిరిపోయింది. రాయడం ముగిసేసరికి అతని వీపు చెమటతో తడిసి ముద్దయింది. కానీ తల దక్కింది. ఆ ముక్కను చుట్టి, నారపోగు కట్టి, ఎలుకలకు అందకుండా తీసుకెళ్లి గూట్లో పెట్టాడు. మంచి పపైరస్ తేవడానికి గుడి వైపు వెళ్లిపోయాడు.

ఎండ వాలింది. తమిత్ గూట్లో చెయ్యి పెట్టింది. చేతికి ఒక చుట్ట తగిలింది. దాని వెనక ఇంకొకటి ఉంటుందని ఆమె ఎందుకు అనుకుంటుంది? ముంతలో కల్లు పోసి నానబెట్టింది. సిరా నల్లటి దారాల్లా మెల్లగా విడిపోయింది. గుడ్డలో వడకట్టింది. బకెత్ పిల్ల ముక్కు మూసింది, తమిత్ తాగించింది. చుక్క కూడా మిగలలేదు.

తెల్లారేసరికి జ్వరం తగ్గింది. హున్రో లేచి కూర్చుని అంజూరపండు అడిగింది. ఆ సంతోషంలో ఉండగానే పషెద్ గూట్లోంచి చుట్ట తీసి, విప్పి, పైకి చదివాడు.

"ఎముకలు కొరికేదానా, నెత్తుటిని మరిగించేదానా, ఈ పిల్లను వదిలి బయటికి పో... ఇదేంటి? నా కథేది?"

తమిత్ పెరట్లోకి వెళ్లింది. కడిగిన పపైరస్ మళ్లీ పనికొస్తుంది కదా అని గోడ మీద ఆరేసిన ముక్కను తెచ్చి అతని చేతిలో పెట్టింది. బూడిదరంగు మరకలు తప్ప అందులో ఏమీ లేవు. ఎర్రసిరాతో రాసిన మొదటి మాట మాత్రం నారలో కొద్దిగా పట్టుకుని ఉంది. 'ఒకనాడు.' అంతే.

పషెద్ ఆ ముక్కను ఎండకు పట్టి చూశాడు. తిప్పి చూశాడు. తరువాత మెట్ల మీద కూలబడ్డాడు.

"తాగేసిందా?"

"తాగేసింది" అంది తమిత్.

"ఎంత?"

"మొత్తం."

హున్రో ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నేనేం చేశాను? మీరేగా ముక్కు మూసి పోశారు!" అని ఏడుపందుకుంది.

బకెత్ మనవరాలిని ఒళ్లోకి లాక్కుంది. "పిల్ల బతికింది. అది చాలదా? కథదేముంది! ఒరేయ్ పషెద్, పాత చుట్టల్లో చిల్లు కనిపిస్తే మీవాళ్లు ఏదో రాస్తారు కదరా. ఏంటది?"

"దొరికేసరికే పోయింది" అన్నాడు పషెద్.

"ఆ, అదే. ఆ రెండు ముక్కలూ రాసి పారెయ్. పురుగు తినేసిందనుకుంటారు. ఏ పురుగు తిన్నదో ఎవడు పట్టి చూడొచ్చాడు?"

బకెత్ అన్నది నిజమే. నకలు రాసేవాళ్లంతా చేసేదే అది. పాత చుట్టలో రాత పోయినచోట కొంచెం ఖాళీ వదిలి, పక్కన చిన్నగా 'దొరికేసరికే పోయింది' అని పెడతారు. జీవగృహంలో సగం చుట్టలకు ఆ మాట ఉంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ అడగరు. పషెద్ చివరికి తల ఊపాడు.

"అదే రాస్తాను. వేరే దారి లేదు."

"దొరికిందిగా" అంది తమిత్.

"ఏంటి?"

"నీకు దొరికింది. నువ్వు చదివావు. పోగొట్టింది నేను."

"అయితే, మా ఆవిడ కల్లులో కలిపి పట్టించిందని రాయమంటావా? అలా రాసుకుని వెళ్తే పెన్‌బుయ్ నాకు చాప వేస్తాడా? మళ్లీ గోతాల దగ్గరికే పొమ్మంటాడు."

తమిత్ రోజంతా పిండి పిసుకుతూనూ, రొట్టెలు కాలుస్తూనూ అదే ఆలోచించింది. ఆ చుట్ట చివర పషెద్ ఆ వాక్యం రాస్తాడు. దొరికినది దొరికినట్టు. కింద పేరు పెడతాడు. ఇన్నేళ్లు గోడ మీద నీళ్లతో రాసుకున్న వాక్యం మొదటిసారి సిరాతో రాసేటప్పటికి అది అబద్ధమైపోతుంది. అదీ తన చేతి వల్ల. అతను గోతాల దగ్గరికి వెళ్లడం కన్నా అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది. ఆ సంగతి అతనితో చెబితే వాదన అవుతుంది. అందుకని మర్నాడు నీళ్లకని కుండ ఎత్తుకుని, ఏటి వైపు కాకుండా గుడి వైపు నడిచింది.

జీవగృహం లోపలికి ఆడవాళ్లు వెళ్లరు. పెన్‌బుయ్ గుమ్మం బయట నీడలో కూర్చుని రొట్టె, ఉల్లిపాయ తింటున్నాడు. ముసలాయన. కాళ్లు చాపుకుని, కలం చెవి మీద దోపుకుని ఉన్నాడు.

"ఎవరమ్మాయ్ నువ్వు?"

"పషెద్ ఇంటిదాన్నయ్యా."

"ఏం, చుట్ట అయిపోయిందా?"

"లేదయ్యా. మొదలు పోయింది."

"పురుగు తిన్నదా?"

"మా అమ్మాయి తాగిందయ్యా."

పెన్‌బుయ్ నమలడం ఆపాడు. తమిత్ కుండ దించి, నిలబడే మొత్తం చెప్పింది. గూడు సంగతీ, రెండు చుట్టల సంగతీ, సిరా దారాల్లా విడిపోవడమూ, ఏదీ దాచలేదు. పషెద్ 'దొరికేసరికే పోయింది' అని రాద్దామనుకున్న మాట కూడా చెప్పింది.

"తను పంపలేదయ్యా నన్ను. తెలిస్తే ఊరుకోడు."

"ఎవరు కాచిన కల్లు?" అన్నాడు పెన్‌బుయ్.

"మా అత్త."

"బకెత్ కల్లా? అయితే జ్వరం దానికే భయపడి పారిపోయి ఉంటుంది." ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "కానీ పిల్లా, ఇది నవ్వే సంగతి కాదు. ఆ కథ ఎవరి తాతలు రాశారో! ఇన్ని తరాలు ఇంతమంది చేతులు మారి మన దాకా వచ్చింది. మన దగ్గరికొచ్చి తల తెగిపడింది."

తమిత్ తల వంచుకుంది.

"జీవగృహంలో ఉన్నన్నాళ్లూ ఆ మాట చదువుతూనే ఉన్నాను, దొరికేసరికే పోయింది, దొరికేసరికే పోయింది అని. అందులో ఎన్ని పొయ్యిలోకి పోయాయో, ఎన్నిటిని మేకలు మేశాయో! వచ్చి చెప్పినవాళ్లు మాత్రం నాకు కనపడలేదు." ఆయన చేతులు దులుపుకున్నాడు. "సరే. మీ ఆయన రాసేటప్పుడు పైకి చదువుతూ రాశాడా?"

"ఎవరైనా అంతేగా అయ్యా."

"ఆ వేళ మిద్దె మీద ఎవరెవరున్నారు?"

"తనూ, నేనూ, పిల్లా. అత్త వస్తూ పోతూ ఉంది."

"అయితే విన్న చెవులున్నాయన్నమాట. చెవులకు పురుగు పట్టదు. కాకపోతే వాటిలో లేనిపోనివి మొలుస్తాయి. అందుకని ఇలా చెయ్యండి. ఒకరి ఎదుట ఒకరు చెప్పొద్దు. విడివిడిగా చెప్పాలి, పషెద్ వినాలి. ఇద్దరి నోట ఒకేలా వస్తే రాయాలి. ఒక్కరే చెబితే, అది ఎంత బాగున్నా సరే, రాయకూడదు. అర్థమైందా?"

"అయింది. మరి... చాప?"

"ముందు కథ సంగతి చూడండి" అని ఆయన మళ్లీ ఉల్లిపాయ అందుకున్నాడు.

విషయం తెలిసి పషెద్ ముందు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నన్నడక్కుండా వెళ్తావా?"

"అడిగితే వద్దంటావు."

"వద్దనేవాణ్ణే!"

"అందుకే అడగలేదు."

పషెద్ కాసేపు పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. తరువాత పెంకు ముక్కలు ఏరి తెచ్చుకుని, ముందు తనకు గుర్తున్నది వాటి మీద రాసుకున్నాడు. ఆపైన తల్లిని మిద్దె మీదికి పిలిచాడు.

"ఒక చేపలవాడు" అని మొదలుపెట్టింది బకెత్. "వాడు ఏటి అవతల వల వేశాడు. మిట్టమధ్యాహ్నం. ఒడ్డున తుమ్మచెట్టు ఉంది. వాడికి ఒక అత్త ఉంది. మహా మంచిది, కానీ ఇంట్లో ఎవరూ..."

"అమ్మా, అందులో అత్త లేదు."

"ఉంది. నేను విన్నాను. రెండు కళ్లతో చూసినట్టు విన్నాను."

"చేపలవాడికి పెళ్లే కాలేదమ్మా!"

"అయితే ఆ ముక్క కొట్టెయ్. తుమ్మచెట్టు మాత్రం నిజం."

తుమ్మచెట్టు తమిత్ కూడా చెప్పింది. వంటింట్లో, అత్తకు వినపడనంత మెల్లగా చెప్పింది. మిట్టమధ్యాహ్నమూ చెప్పింది. చేపలవాడు పడవ ఎక్కబోతుంటే, అలిసిపోయిన నీడ చెట్టు కింద చతికిలబడి లేవనందని చెప్పింది. అది పషెద్ పెంకు మీదా ఉంది. రాసుకున్నాడు. వాడు తిరిగి చూడకుండా పడవ నెట్టేశాడని బకెత్, పషెద్ ఒకేలా చెప్పారు. అదీ రాసుకున్నాడు.

చిక్కల్లా హున్రోతోనే వచ్చింది. కథ తాగేసిన పిల్ల అని వాడంతా తెలిసిపోయింది. ఆడవాళ్లు పని వదిలేసి వచ్చి, "చెప్పవే తల్లీ, కడుపులో కథ ఏమంటోంది?" అని అడగడం, అంజూరపండో తేనె రొట్టో చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. రొట్టె పెద్దదైన కొద్దీ కథ పెరిగింది.

"అప్పుడు నీటిగుర్రం వచ్చింది" అంది హున్రో, తండ్రి అడిగినప్పుడు.

"నీటిగుర్రం లేదే బంగారం."

"నా కడుపులో ఉంది."

"అది రొట్టెలు ఎక్కువై ఉంటుంది. నిజం చెప్పు. నేను చదువుతుంటే ఏం విన్నావు?"

పిల్ల కాసేపు కాలి వేలితో నేల మీద గీతలు గీసింది. "నీడకి కాళ్లు నొప్పులు. అది చెట్టు కింద కూచుంది. నాకు లాగే దానికి కూడా జ్వరమేమో అనుకున్నా." ఆగి, "నీటిగుర్రం నేనే పెట్టా. వాళ్లకి నచ్చింది" అంది.

చివరికి ఒక్కచోట అందరూ ఆగిపోయారు. పడవ కదిలే ముందు నీడ చేపలవాడితో ఒక మాట అంటుంది. ఆ మాట వినీ వాడు బదులు చెప్పడు. చుట్టలో మిగిలిన కథంతా వాడు ఆ మాట కోసమే తిరిగి తిరిగి వెనక్కి వస్తాడు. ఆ మాటేమిటో ఎవరికీ దొరకలేదు. ఆ వరుస దగ్గర అంచు రాలిపోతుంటే పషెద్ కళ్లన్నీ దాని మీదే పెట్టి, అర్థం పట్టించుకోకుండా రాశాడు. ఆకలేస్తోందని నీడ అందని బకెత్ వాదన. హున్రోకు అది తెలియనే తెలియదు.

తమిత్‌కు ఏదో గుర్తుంది. అక్కడ భర్త గొంతు మెత్తబడిందని గుర్తుంది. 'నువ్వు పద, నేను నెమ్మదిగా వస్తాను' అన్నట్టు గుర్తుంది. కానీ అది విన్నదో, జ్వరంతో ఉన్న పిల్ల పక్కన కూర్చుని తనే అనుకున్నదో ఎంత తవ్వుకున్నా తేలలేదు.

"అబ్బా, ఇది ఎంత బాగుంది!" అన్నాడు పషెద్. కలం అప్పటికే సిరాలో ముంచాడు. "ఇదే అయి ఉంటుంది. ఇది లేకపోతే కథకు గుండె లేనట్టే."

"ఇంకెవరూ చెప్పలేదుగా."

మెట్ల మీద నుంచి బకెత్ తొంగి చూసింది. పొంచి విన్నదని ముఖమే చెబుతోంది. "ఆకలి మాట వదిలేస్తాలే. ఏం చెప్పాలో నువ్వే చెప్పవే తమిత్. నేనూ అదే చెప్తాను. ఇద్దరం అయిపోతాం."

తమిత్ నవ్వకుండా ఉండలేకపోయింది. "వద్దత్తా."

"ఏం, నా నోటికి విలువ లేదా?"

"ఉంది కాబట్టే వద్దు."

పషెద్ కలం కొనను చాలాసేపు చూశాడు. సిరా బొట్టు జారి పెంకు మీద పడింది. కలం కడిగి, ఎర్రసిరాలో ముంచి, ఒక పెంకు మీద మెల్లగా వేరే మాట రాసి పైకి చదివాడు. "ఇక్కడ రాత ఉండేది. దొరికింది. మా ఇంట్లో పోయింది."

"అంతే" అంది తమిత్.

మర్నాడు పెన్‌బుయ్ తనే వచ్చాడు. కథ తాగిన పిల్లను చూడాలని వచ్చానన్నాడు. హున్రో ఆయనకు నీటిగుర్రం సంగతి కూడా చెప్పింది. బకెత్ కల్లు పోసింది. ఆయన ముంత వాసన చూసి, దండం పెట్టి పక్కన పెట్టాడు. తరువాత పెంకులన్నీ ముందేసుకుని, ఎవరు ఏది చెప్పారో ఒక్కొక్కటే అడుగుతూ చదివాడు. ఎర్రసిరా పెంకు దగ్గర ఆగి రెండోసారి చదివాడు.

"ఈ మాట ఇంతవరకూ ఎవరూ రాయలేదు" అన్నాడు.

"తప్పా అయ్యా?" అన్నాడు పషెద్.

"తప్పయితే కడిగించేవాణ్ణి. కల్లు దగ్గరే ఉందిగా." ఆయన పెంకును జాగ్రత్తగా కింద పెట్టాడు. "ఏటికి దిగువన అబిదోస్ గుడిలో ఇలాంటి కథల పెట్టె ఒకటి ఉందని మా గురువుగారు అనేవారు. ఇది అందులో ఉందో లేదో తెలియదు. వరద రాగానే ధాన్యపు పడవలు వెళ్తాయి. అడిగి రమ్మంటాను. నీడ ఏమందో అక్కడ ఎవరికైనా తెలిసి ఉండొచ్చు."

"లేకపోతే?"

"లేకపోతే ఇంకో చోట. ఈ ఎర్రసిరా మాట ఉన్నన్నాళ్లూ, ఇక్కడ ఒక మాట తక్కువుందని చదివినవాడికి తెలుస్తుంది. తెలిస్తే వెతుకుతాడు. పురుగు తిన్నదని రాసి ఉంటే ఎవడు వెతుకుతాడు?"

బకెత్ ఇక ఆగలేకపోయింది. "ఇంతకీ మావాడికి చాప ఉందా లేదా, అది చెప్పండి ముందు!"

"ఈ మొదలు ఎక్కించుకుని రేపు పొద్దున్నే రమ్మను" అన్నాడు పెన్‌బుయ్ లేస్తూ. "ఆపైన అక్కడే కూర్చుని రాయాలి. ఈ ఇంటికి మాత్రం ఇక చుట్టలు పంపను."

ఆయన వెళ్లాక పషెద్ కొత్త పపైరస్ పరిచాడు. నునుపు చూసుకున్నాడు. 'ఒకనాడు' అని ఎర్రగా రాసి, నల్లసిరాలోకి మారి, పెంకుల్లోని మాటలు ఒక్కొక్కటిగా ఎక్కించాడు. చేపలవాడు వచ్చాడు. తుమ్మచెట్టు వచ్చింది. నీడ కూర్చుంది. అక్కడ కలం ఎత్తాడు.

"ఎంత వదలను?" అని తమిత్‌ను అడిగాడు. ఖాళీ మీద రెండు వేళ్లు ఆనించి చూపించాడు.

తమిత్ అతని పక్కన కూర్చుంది. మంచి పపైరస్, ప్రతి వేలెడూ విలువైనదే. అయినా ఆ నీడ ఎంత మాట అన్నదో ఎవరికి తెలుసు?

"ఇరుకుగా ఉంది" అంది. "ఇంకొంచెం వదులు."

పషెద్ మూడో వేలు ఆనించాడు. ఆమె ముఖం చూసి నాలుగోది కూడా ఆనించాడు.